లాకు నుంచి పదకొండు రోమను మైళ్లు

దయ్యాల అనుభవాలు చెప్పేవాళ్లను నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. ఎంత దూరం నుంచి చూశారు, ఎంతసేపు చూశారు. ఇంతవరకు ఒక్కరూ తిన్నగా జవాబు చెప్పలేదు. అందుకే నేను దయ్యాలను నమ్మను. ఇది రాయడానికి ముందూ నమ్మలేదు, రాసి ముగించాక కూడా నమ్మబోను. కాకపోతే ఏడేళ్ల కిందట వాకాడు అవతల సముద్రపు ఒడ్డున నాకు జరిగినదాని విషయంలో ఆ రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబులున్నాయి. దూరం, నా కుడి కాలి పక్కనే. సమయం, పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా, పట్టపగలు. నా చిరాకంతా అందుకే.

మాది కోవూరు. ఇంజనీరింగు డిప్లొమా చదివి కాలువల పనిలో సూపర్వైజరుగా అప్పుడే చేరాను. రోడ్ల మీద మైలురాళ్లు పీకి కిలోమీటరు రాళ్లు పాతుతున్న రోజులవి. ఆఫీసులో గజాలన్నీ మీటర్లలోకి మార్చే పని నాకే అంటగట్టారు. ఆ తలనొప్పి చాలదన్నట్టు మా మేనమామ దేవసహాయం మూడో కొలత ఒకటి నా నెత్తిన పెట్టాడు. అది రోమను మైలు.

మామ మిషను హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. బంధువులంతా ఆయనను రోము మామ అంటారు. దానికి కారణం ఒక కుండ పిడి. వయసులో ఉన్నప్పుడు మామ ఒక సువార్తికుడి వెంట ఒడ్డు పొడుగునా జాలరి పాళేలకు కాలినడకన వెళ్లాడట. దారిలో ఇసుకలోంచి ఒక పిడి పైకి కనిపించింది. లాగితే అది విరిగి చేతికొచ్చింది, తక్కిన కుండ లోపలే ఉండిపోయింది. సాయంత్రం ప్రార్థన కూటానికి ఆలస్యమవుతుందని సువార్తికుడు తొందరపెట్టడంతో మామ పిడి ఒక్కటి సంచిలో వేసుకుని నడిచాడు. జానెడు పొడవు, ఎర్రమట్టి, మట్టిలో నల్లని ఇసుక రేణువులు. అలాంటి మట్టి మన దేశంలో లేదనీ, రోము నుంచి ద్రాక్షసారా నింపుకొచ్చిన పొడుగు జాడీలకే ఉంటుందనీ తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాడు.

మద్రాసులో ఒక లెక్చరరుకు ఆ పిడి బొమ్మ గీసి పంపాడు. వస్తువు బాగుందనీ, ఎక్కడ దొరికిందో కచ్చితంగా చెప్పలేకపోతే దానికి విలువ లేదనీ ఆయన జవాబు రాశాడు.

అప్పటికి మామకు చూపు పోతోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కనిపించేది. పక్కన ఉన్నదీ, కాళ్ల దగ్గర ఉన్నదీ కనిపించేది కాదు. ఎండాకాలం వచ్చేసరికి ఆ గొట్టం కూడా మూసుకుపోవచ్చని నెల్లూరులో డాక్టరు చెప్పాడు. మామ మందుల గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆ కుండను కళ్లతో చూడాలన్నాడు.

"నీళ్ల కుండ చిల్లుపడి ఆరు నెలలైంది, దాన్ని చూసేదానికి ఈయనకు కళ్లు లేవు," అంది అత్త. అన్నదే గానీ ప్రయాణానికి పులిహోర కట్టింది.

స్థలం గుర్తు ఒక్కటే ఉంది. మామ తన పాత బైబిలు వెనక అట్ట మీద సిరాతో రాసుకున్నాడు. "లాకు నుంచి పదకొండు మైళ్లు, మూడు వందల పన్నెండు అంగలు." మైళ్లంటే మన మైళ్లు కావు. కుడి కాలు పడ్డ చోటు నుంచి మళ్లీ కుడి కాలు పడ్డ చోటికి ఒక అంగ. అలాంటివి వేయి అయితే ఒక రోమను మైలు. ఆ వయసులో ఆయనకు రోము పిచ్చి కొత్తది. పుస్తకంలో ఉన్న పొడవుకు సరిపోయేట్టు ఫర్లాంగు రాళ్ల మధ్య నూట ముప్ఫై ఆరు అంగలు పడేలా సాధన చేసి మరీ నడిచాడట. ఇప్పుడు ఆ సాధన నన్ను చెయ్యమన్నాడు. పదిరోజులు పొద్దున్నే కోవూరు రోడ్డు మీద నేను అంగలు చాపుకుంటూ నడిస్తే పాలవాళ్లు సైకిళ్లు ఆపి చూశారు.

క్రిస్మస్ సెలవులు అయిపోయిన వారం బయలుదేరాం. నా సామాను ఇది: పలుగు, చిన్న పార, దిక్సూచి, యాభై అడుగుల టేపు, నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు, నీళ్ల సీసాలు రెండు, చింతగింజలు పది. వంద అంగలు కాగానే ఒక గింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుతుంది. పది మారితే వేయి, నోటుబుక్కులో ఒక గీత. మామ సామాను: గొడుగు, బైబిలు, గుడ్డలో చుట్టిన పిడి.

వాకాడు దాటి తూర్పున కాలువ మీద పడవలను దాటించే లాకు దగ్గర ఒక షెడ్డులో రాత్రి పడుకుని, తెల్లవారగానే నడకకు సిద్ధమయ్యాం. లాకు గోడ దగ్గర నిలబడి లెక్క మొదలుపెట్టబోతుంటే, ప్రార్థన చేయకుండా అడుగు వేయనన్నాడు మామ. గాలి కొడుతోందని కాస్త ముందుకు జరిగి సరుగుడు చెట్ల చాటున నిలబడ్డాం. మామ ప్రార్థన ఎంత పొడుగో మా సంఘంలో అందరికీ తెలుసు. మా చుట్టాలు, వాళ్ల జబ్బులు, కోవూరు వరి, రోము చక్రవర్తులు కూడా అందులో వచ్చారు. ఆమెన్ అనగానే నేను ఊపిరి పీల్చుకుని ఒకటి అని అడుగు వేశాను.

మామ నా భుజం మీద చెయ్యి వేసి నాతో అడుగు కలిపి నడిచాడు. లెక్క ఇద్దరమూ పెడుతున్నాం. మొదట సరుగుడు తోపులు, తర్వాత ఇసుక దిబ్బలు, దిబ్బ దిగితే సముద్రం. అక్కడ దక్షిణానికి తిరిగి, అలలు తడపని గట్టి ఇసుక చూసుకుని నడిచాం. ఎడమ వైపు నీళ్లు, కుడి వైపు ఇసుక, దూరంగా తాడిచెట్లు. పీతలు మమ్మల్ని చూసి బొరియల్లో దూరేవి. చూడదగ్గ ఒడ్డే. కానీ లెక్క పెట్టేవాడికి చూసే తీరిక ఎక్కడిది? మామ మాత్రం రెండు వందల అంగలకోసారి ఆగి, మిరియాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఓడల గురించీ, మన సన్నబట్టల కోసం రోములో ఆడవాళ్లు పెట్టిన పోరు గురించీ చెప్పేవాడు. ఆయన నోరు తెరవగానే నేను పెన్సిలు తీసి లెక్క రాసుకోవాలి. లేకపోతే పాఠం పూర్తయ్యేసరికి అంకె పోయేది.

మొదటి వేయి దిబ్బల మధ్యే అయింది. వేయి అని కుడి కాలు ఆనించాను. ఆ కాలి పక్కన మూడు ఆల్చిప్పలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. పై చిప్పలో నీళ్లు. ఎవరో పెట్టిన ఆట సామాను అనుకున్నాను. నోటుబుక్కులో గీత గీసి నడిచాను.

రెండో వేయి దగ్గరా మూడు చిప్పలు, నీళ్లు. మూడో వేయి దగ్గరా అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంగలతో కొలిచే దూరం ఎప్పుడూ కచ్చితంగా రాదు. మెత్తని ఇసుకలో అంగ కుంచించుకుపోతుంది, గట్టి ఇసుకలో సాగుతుంది. ఎంత సాధన చేసినా వేయికి ఇరవై ముప్ఫై తేడా రావాలి. రాకపోతేనే అనుమానించాలని మాకు నేర్పారు. మూడుసార్లూ వేయి అనగానే చిప్పలు నా కుడి మడమకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. నాలుగో దాని దగ్గర వంగి చుట్టూ చూశాను. మా అడుగుజాడలు తప్ప వేరే జాడ లేదు. నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా లేవు. మంచు అనుకుందామంటే పదిన్నర గంటల ఎండ, చుట్టూ ఇసుక కాలుతోంది. అక్కడి నుంచి ప్రతి చోటా ఒక సరుగుడు పుల్ల పాతడం మొదలుపెట్టాను.

మామకు చెప్పలేదు. చెబితే ఆగుతాడు. ఆగితే పాఠం.

అయిదో వేయి కాగానే ఒక పాళెం వచ్చింది. తాటాకు పందిరి కింద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. మాకు మంచినీళ్లు ఇచ్చి, మా పార వైపు చూశాడు.

"ఏం ఎతుక్కుంటా పోతాండారయ్యా?"

"రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ దిగిన ఓడల్ని," అన్నాడు మామ.

"మొన్న గాలికి పోయిన మా పడవే ఇంకా దొరకలా. మీరేమో రెండు వేల ఏళ్లదా." ఆయన నవ్వలేదు. "దొరికితే మాదీ ఉందేమో చూడండి."

మామ నీళ్లు తాగుతుంటే పక్కకు పిలిచి ఆల్చిప్పల గురించి అడిగాను.

"సున్నం బట్టీకి గుల్లలు ఏరేవాళ్లు వస్తారు. బుట్టలకు బుట్టలు ఎత్తుకుని కాలవకాడికి పోతారు. మూడు గుల్లలు పేర్చి, మంచినీళ్లు పోసి పెట్టేంత తీరిక ఎవరికుంది సామీ," అన్నాడాయన. మా సీసాల వైపు చూసి, "ఈడ మంచినీళ్లు మాకే చాలవు," అన్నాడు.

ఏడో వేయి దగ్గర పరీక్ష చేశాను. తొమ్మిది వందల యాభై కాగానే ముందు చూస్తే చిప్పలు కనిపించాయి, ఉండవలసినంత దూరంలోనే. వాటి మీద నుంచి చూపు తిప్పకుండా అక్కడి నుంచి చిన్న అంగలు వేయడం మొదలుపెట్టాను. ఆ లెక్కన చిప్పలను చేరేసరికి పది, పదిహేను ఎక్కువ రావాలి.

"ఏందిరా, పెళ్లికూతురు మాదిరి నడస్తాండావు?" అన్నాడు వెనక నుంచి మామ.

చిప్పలు కదలలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ప్రమాణం చేసి చెప్పగలను. వాటి పక్కన నా కాలు పడ్డప్పుడు మామ పైకి వేయి అన్నాడు. నా లెక్కా వేయే.

భయం వేసిందని రాయాలని ఉంది, అది అబద్ధం. నాకు మండిపోయింది. పదిరోజుల సాధన, పది చింతగింజలు, చదువుకున్న చదువు, అన్నీ ఎవరో పక్కన కూర్చుని ఎగతాళి చేస్తున్నట్టుంది. ఎవరో అనుకోగానే అనుమానం మామ మీదికే పోయింది. ఈ నడక ఎవరికి కావాలి? ఆయనకు. దారి ఎవరికి తెలుసు? ఆయనకు. ఎనిమిదో వేయి దగ్గర ఆగి అడిగేశాను.

"మామా, ముందు ఎవరిని పంపినావు?"

"ఎవర్ని పంపేది?"

"ఈ గుల్లలు పేర్చేదానికి. నేను సరిగ్గా నడిచినానని నమ్మించి, నువ్వు అనుకున్న చోటికి తీసుకుపోయేదానికి."

మామ ముఖం చూసి అప్పుడే నాలుక కరుచుకున్నాను. ఆయన ఇసుకలో చతికిలబడి రెండు చేతులతో తడుముకున్నాడు. చిప్పలు కుడి చేతికి తగిలాయి. నీళ్లు ఒలికిపోయాయి. వాటిని ఒక్కొక్కటే తడిమి మళ్లీ ఒకదానిలో ఒకటి పెట్టాడు.

"ఇవి నాకు కనపడేటట్టయితే, నీ కాళ్లు ఎరువు తెచ్చుకుంటానా అబ్బయ్యా?" అన్నాడు.

ఎనిమిది చోట్లా వాటి పక్కగా నడిచాడు. ఒక్కటీ చూడలేదు. ఆ మాత్రం నాకు తట్టి ఉండాల్సింది.

మొదటి నుంచీ జరిగినదంతా చెప్పాను. భయపడతాడనో, ప్రార్థన మొదలుపెడతాడనో అనుకున్నాను. ఆయన రెండూ చేయలేదు. "మన లెక్క సరిగ్గా పోతాందన్నమాట," అని లేచి ఇసుక దులుపుకున్నాడు. "లాకు గోడ నుంచి మొదలుపెట్టినాం గదా, ఎందుకు తప్పుతాది?"

గోడ నుంచి మొదలుపెట్టలేదు. ఆమెన్ అనగానే సరుగుడు చెట్ల చాటు నుంచే ఒకటి అన్నాను. గోడ నుంచి ఆ చెట్ల దాకా నడిచిన ఇరవై ఏడు అంగలు ఊరికే పోయాయి. ఇరవై ఏడని ఎలా తెలుసంటే, లెక్క మొదలుపెట్టకపోయినా నా బుర్ర లెక్కపెడుతూనే ఉంటుంది. అది నా జబ్బు.

అంటే నా మైళ్లన్నీ ఇరవై ఏడు అంగలు ముందుకు జరిగి ఉన్నాయి. చిప్పలు కూడా నా తప్పుతో పాటే జరిగి ఉన్నాయి. ఈ తప్పు ఆ పొద్దున పుట్టింది. మామకు తెలియదు, నాకే తెలియదు. ముందుగా మనిషిని పంపి పెట్టించడం ఎవరి తరమూ కాదు.

మిగతా మూడు మైళ్లూ నడిచాం. తొమ్మిది, పది, పదకొండు. మూడు చోట్లా చిప్పలు, నీళ్లు, నా పుల్ల.

పదకొండు దాటి రెండు వందల ఎనభై అయిదు దగ్గర ఆగాను. మూడు వందల పన్నెండులోంచి ఇరవై ఏడు తీసేస్తే అంతే వస్తుంది. సరైన చోటు ఇదేనని పార దించాను. ముందుకు చూస్తే, సరిగ్గా ఇరవై ఏడు అంగల అవతల, ఒక దిబ్బ మొదట్లో ఆల్చిప్పలు తెల్లగా కనిపించాయి. వాటి వైపు చూడకూడదని పట్టుదలగా తవ్వాను.

"నా లెక్క ఇంకా కాలేదురా," అన్నాడు మామ.

"నీ లెక్క తప్పు మామా. గోడ నుంచి కొలవాలి."

ఆయన గొడుగు ఊతగా ఒక్కడే అంగలు లెక్కపెట్టుకుంటూ ముందుకు పోయాడు. నేను నడుం లోతు గొయ్యి తీశాను. ఇసుక, కింద తడి ఇసుక, ఆ కింద నీళ్లు. పెంకు ముక్క కూడా లేదు. చేతులు బొబ్బలెక్కాయి. మామ మీద, చిప్పల మీద, రోము మీద, గోడ దగ్గర కొట్టిన గాలి మీద వరసగా కోపం వచ్చింది. అప్పుడు ఆయన నన్ను పిలిచాడు. గట్టిగా కాదు, క్లాసులో పిల్లాడిని పిలిచినట్టు పేరు పెట్టి పిలిచాడు.

వెళ్లేసరికి మామ దిబ్బ మొదట్లో కూర్చుని ఉన్నాడు. చిప్పలు ఆయన మోకాలి పక్కన ఉన్నాయి. ఆయన వాటిని చూడలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా ఇసుకలో ఉన్నాయి. నేను పక్కల నుంచి ఇసుక తీశాను. జాడీ మెడ బయటపడింది, ఎర్రమట్టి, నల్ల రేణువులు. మెడకు ఒక పక్క పిడి ఉంది. రెండో పక్క విరిగిన గుర్తు. మామ గుడ్డ విప్పి తన పిడిని తీసి అక్కడ పెట్టాడు. గోరు దూరే సందు కూడా లేకుండా అమరింది.

మెడ కింద జాడీ ఎప్పుడో పగిలిపోయి ఉంది. ఊడివచ్చిన మెడను ఆయన ఎదురుగా, కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. నేను టైము రాసుకున్నాను, మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. రాసుకోకుండా ఆయన ముఖం చూసి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

"అప్పుడు కూడా ప్రార్థన అక్కడే చేసినాం," అన్నాడు. "ఆ సువార్తికుడు గాలికి ఓర్చలేకపోయేవాడు. చెట్ల చాటుకు పోయి చేసినాం. ఆమెన్ కాడి నుంచే నేను లెక్కపెట్టినట్టుండాను."

స్థలం సంగతి అలా తేలింది. అందులో వింత ఏమీ లేదు. ఇద్దరమూ ఒకే తప్పు చేశాం, కాబట్టి ఒకే చోటికి చేరాం. మిగిలినవి ఆల్చిప్పలు.

పదిరోజుల తర్వాత సెలవు పెట్టి, కొలత గొలుసు, ఇద్దరు మనుషులను తీసుకుని మళ్లీ వెళ్లాను. నేను పాతిన పుల్లలు ఎనిమిదీ ఉన్నాయి. చిప్పలు ఒక్క చోటా లేవు. పుల్లకూ పుల్లకూ మధ్య గొలుసుతో కొలిపించాను. ఒకటి నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై అడుగులు వచ్చింది, ఇంకొకటి నాలుగు వేల ఆరు వందల నలభై. ఏ రెండూ సమానంగా లేవు. మెత్తని ఇసుక ఉన్న చోట తక్కువ, గట్టి ఇసుక ఉన్న చోట ఎక్కువ. అంటే ఆ చిప్పలు పెట్టినవాళ్లు నేలను కొలవలేదు. నేను ఇంకా నడవని నా నడకను కొలిచారు.

ఈ వాక్యం రాసి మూడుసార్లు కొట్టేశాను. దీనికంటే తిన్నగా ఉండే వాక్యం నాకు దొరకలేదు.

లెక్చరరుకు నివేదిక, పటం పంపాను. ప్రారంభ స్థానం అన్న చోట, సరుగుడు చెట్ల చాటు, లాకు గోడ నుంచి ఇరవై ఏడు అంగలు అని రాశాను. అది ఏ లెక్కన ఎంచుకున్నారని ఆయన అడిగాడు. గాలి కొడుతోంది అని జవాబు రాశాను. ఆయన మళ్లీ ఏమీ అడగలేదు, జాడీ మెడను మాత్రం ఒప్పుకున్నాడు.

డాక్టరు చెప్పినట్టే ఆ ఎండాకాలానికి మామ చూపు పూర్తిగా పోయింది. జాడీ మెడ ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంటాడు. వచ్చినవాళ్లకు దాని రంగు చెబుతాడు, రేణువులు ఎక్కడ ఎక్కువో వేలు పెట్టి చూపిస్తాడు. అత్త ఇంకా సణుగుతుంది గానీ రోజూ దాని దుమ్ము తుడిచేది ఆమే. ఆల్చిప్పల మాట వస్తే మామ, ఎవరో దారిలో మంచినీళ్లు పెట్టారు, నువ్వు తాగకుండా కొలత వేసినావు అంటాడు. అది వివరణ కాదని చెప్పి చెప్పి విసిగిపోయాను.

చివరి చోటి చిప్పల్లో ఆ రోజే తెచ్చుకున్నది ఒకటి నా బల్ల మీద ఉంది. మామూలు ఆల్చిప్ప. ఉద్యోగంలో గట్ల మీద ఇప్పటికీ అంగలతో కొలవాల్సి వస్తుంది. తొమ్మిది వందల తొంభై దాకా లెక్కపెడతాను. అక్కడ ఆగి, గొలుసు తెమ్మని మనుషులను కేకేస్తాను. ఎందుకు సార్ అని వాళ్లు అడుగుతారు. కచ్చితం కోసం అంటాను. కింద, కుడి కాలి వైపు మాత్రం చూడను.